బాప్తిస్మపు తొట్టిలో ఐదు టార్చీలు

మా తమ్ముడు భయపడి నీళ్ళలోంచి పైకొచ్చేశాడని మా యజమాని అందరి ముందూ అన్న రోజు నుంచి నేను ఆయనకు టీ కలపడం మానేశాను. టీ కలపడం నా ఉద్యోగం కాదు. మర్యాదకి కలిపేదాన్ని. మర్యాద ఆయన వైపు నుంచి పోయాక నా వైపు మాత్రం ఎందుకుండాలి?

నేను ఖిదిర్‌పూర్ ఓడరేవులో ఒక చిన్న డైవింగు కాంట్రాక్టరు దగ్గర స్టోరు చూస్తాను. రేవులోకి వచ్చిన ఓడల అడుగు భాగం చూసి రావడం, ఓడను నడిపే పంకాకు చుట్టుకున్న తాళ్ళు కోసి తీయడం మావాళ్ళ పని. మొత్తం నలుగురు డైవర్లు. అందులో ఒకడు నా సొంత తమ్ముడు. సిలిండర్లు, బెల్టులు, కత్తులు, టార్చీలు అన్నీ నా చేతి మీదుగా వెళ్ళి నా చేతి మీదుగానే తిరిగొస్తాయి. పదకొండేళ్ళుగా ఇదే పని.

ఆ రోజు ఒక ఓడ కింద, సరిగ్గా పంకా దగ్గర, తమ్ముడి టార్చి ఆరిపోయింది. మా రేవులో ఉన్నవి నీళ్ళు కావు, పలచటి బురద. వెలుగుంటేనే మూరెడు దూరం కనబడడం కష్టం. అది లేకపోతే కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. నెత్తి మీద ఓడ. వాడు ఓడ ఒంటిని చేత్తో తడుముకుంటూ, నడుముకు కట్టిన తాడు వెంట పక్కకు వచ్చి పైకి లేచాడు. పని సగంలో ఆగింది. యజమాని ఆ టార్చి తీసుకుని ఊపితే లోపల నీళ్ళు గలగలమన్నాయి.

"కొత్త టార్చి ఇది. వీడే భయంతో మూత తిప్పేసి నీళ్ళు పోనిచ్చాడు. వయసు మీద పడింది, గుండె జారిపోయింది. ఇక వీడికి ఒడ్డు పనే" అన్నాడాయన బెంగాలీలో.

ఒడ్డు పని అంటే తాళ్ళు చుట్టడం, పైన ఉండి ఇంకొకడి తాడు పట్టుకోవడం. ఇరవై రెండేళ్ళు నీళ్ళ కింద పనిచేసినవాడు మిగతా జీవితమంతా ఒడ్డు మీద కూర్చుని తాళ్ళు చుట్టాలన్నమాట. తమ్ముడు తల వంచుకుని నిలబడ్డాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"చవక టార్చి కొన్నది మీరు. చెడింది టార్చి, మా తమ్ముడు కాదు" అన్నాను.

ఆయన నవ్వాడు. "అయితే రుజువు చెయ్యి దీదీ. ఎలాగూ కొత్తవి కొనాలి. ఆన్‌లైన్లో దొరికే చవకవి ఐదు రకాలు తెప్పిస్తాను. పరీక్ష పెట్టి, కాగితం రాసి, సంతకం పెట్టు. టార్చీలదే తప్పని తేలితే నీ తమ్ముడు మళ్ళీ దిగుతాడు."

సరే అన్నాను. నీళ్ళు నిండిన ఆ పాత టార్చిని ఎవరూ ముట్టకుండా ఒక సంచిలో వేసి, బీరువాలో పెట్టి తాళం వేశాను.

వారంలో ఐదు టార్చీలు వచ్చాయి. నలుపు, నీలం, పసుపు, ఎరుపు, బూడిద రంగు. ఐదు పెట్టెల మీదా ఒకే గొప్పలు. వంద మీటర్ల లోతు, గంటల కొద్దీ ఛార్జి, కళ్ళు జిగేలుమనే వెలుగు. పెట్టె మీద అంకె వెయ్యడానికి ఎవడి సొమ్ము పోయింది?

ముందు వెలుగు సంగతి చూశాను. ప్లాస్టిక్ టబ్బులో రేవు నీళ్ళు పోయించి, ఒక చివర టార్చి ముంచి, రెండో చివర నా చెయ్యి పెట్టి, వేళ్ళు ఎంత దూరం దాకా లెక్కపెట్టగలనో తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కొలిచాను. పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న పసుపు టార్చి అన్నిటికంటే దండగది. వెలుగంతా వెడల్పుగా చిమ్మి, బురద మీద పడి, తిరిగి మన కళ్ళలోనే కొడుతుంది. నల్లదాని వెలుగు చిన్నది, సన్నంగా సూటిగా వెళుతుంది. దానితో నా ఐదు వేళ్ళూ కనబడ్డాయి.

"ఇది బాగుందప్పా" అన్నాడు తమ్ముడు. ఆ రోజు తర్వాత టార్చీల గురించి వాడు అన్న మొదటి మాట అదే. మేము ఉత్తరాంధ్ర వాళ్ళం. అక్కను అప్ప అంటాం, బెంగాలీల దీదీలాగే. వాళ్ళకి అన్న దాదా.

ఇక నీళ్ళు చొరబడతాయా లేదా అన్నది చూడాలి. దానికి తేట నీళ్ళు కావాలి, బుడగ లేస్తే కనబడాలి. మా వాడలో అన్ని తేట నీళ్ళు ఒకచోట ఉండేది ఒక్క చోటే. మా తెలుగు గుడిలోని బాప్తిస్మపు తొట్టి. మా సంఘంలో నెత్తిన నీళ్ళు చిలకరించడం ఉండదు, మనిషిని నిలువునా ముంచుతారు. అందుకని రొమ్ము లోతు తొట్టి కట్టించారు. లోపలంతా తెల్ల టైల్సు. ఆదివారం బాప్తిస్మాలున్నాయని శనివారమే నింపి ఉంచారు.

సంఘ పెద్ద ఒకాయన గుమ్మంలోనే ఆపాడు. "ఇదేటమ్మా, పరిశుద్ధమైన తొట్టిలో టార్చీలు ముంచుతావా? రేపు జనం ఏటనుకుంటారు?"

"మా తమ్ముడు ఓడ కింద చీకట్లో చిక్కుకుంటే వీళ్ళేటనుకున్నారు తాతా? నాను ఆ సంగతి అడగనేదు. ఈ టార్చీలు ఓడ కింద వాడినవి కావు, కొత్తవి. సబ్బుతో కడిగి తెచ్చినాను. వద్దంటే వద్దని సెప్పు, అయ్యగారిని పిలుస్తాను."

అయ్యగారంటే మా పాస్టరు. ఆయన్ని పిలవాల్సిన పని పడలేదు. పెద్దాయన కాసేపు గొణిగి, తర్వాత కుర్చీ తెచ్చుకుని తొట్టి పక్కనే కూర్చున్నాడు. ఐదు టార్చీలూ వెలిగించి, దారాలు కట్టి, అడుగుకి దించాను. నీళ్ళలో ఐదు వెలుగులు. పెద్దాయన చేతి గడియారం విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇరవై నిమిషాలకి ఆయనే పిలిచాడు.

"ఇదిగో, నీలం దానికి లోపల సెమట పట్టినాది, సూడు."

గంటకి నీలం, ఎరుపు, బూడిద రంగు మూడింట్లోనూ నీళ్ళు చేరాయి. ఐదింట్లో మూడు. నేను తొట్టి పక్కన నిలబడి పైకే నవ్వేశాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కాగితం రాశాను. మీరు తెప్పించే టార్చీలు ఇలాంటివి, మా తమ్ముడి మీద వేసిన నింద అబద్ధం అని. పదునైన మాటలు ఏరి ఏరి రాశాను. సంతకం పెట్టలేదంతే. ఆయన ఎదురుగా పెడదామనుకున్నాను.

సోమవారం పొద్దున్న స్టోరులో ఆ మూడింటినీ ఆరబెడదామని మూతలు విప్పాను. మూత మరల దగ్గర ఒక రబ్బరు వాషరు ఉంటుంది. టార్చి ప్రాణమంతా అందులోనే, దాని కింద పోగు పడ్డా నీళ్ళకి దారి దొరుకుతుంది. నీలం దాని వాషరు మీద ఒక ఎర్రటి పోగు అంటుకుని ఉంది. వెంట్రుకంత సన్నం. ఎర్రదాని మీద ఇంకొకటి. బూడిద రంగు దాని మీద తెల్ల పోగు.

తలెత్తి చూస్తే ఎదురుగా మేకుకి నా గమ్‌ఛా వేలాడుతోంది. తెలుపు మీద ఎర్రగళ్ళ తుండు, ఈ ఊళ్ళో ప్రతి కూలీ భుజం మీదా ఉండేదే. మా నాన్న రేవు కూలీ. ఏ వస్తువూ తుడవకుండా ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. గ్లాసైనా, గొడుగైనా, బైబిలైనా గమ్‌ఛాతో ఒకసారి తుడిచి, అప్పుడు ఇచ్చేవాడు. ఆ అలవాటు నాకూ వచ్చింది. టార్చి విప్పి, బ్యాటరీ వేసి, వాషరు చుట్టూ గమ్‌ఛాతో ప్రేమగా తుడిచి, బిగించి ఇస్తాను. నలుపు, పసుపు మాత్రం బ్యాటరీతోనే వచ్చాయి. వాటిని విప్పలేదు, తుడవలేదు. అవి కారలేదు.

బీరువా తెరిచాను. తమ్ముడి పాత టార్చి మూత గట్టిగానే బిగించి ఉంది, వాడు తిప్పనేలేదు. విప్పి చూస్తే అక్కడా ఉంది, ఎర్రటి పోగు.

ఆ పోగు ఊదేస్తే ఎవరికీ తెలియదు. రాసిన కాగితం సంచిలోనే ఉంది. సంతకం పెట్టి ఇస్తే తమ్ముడు నీళ్ళలోకి దిగుతాడు, నా కుర్చీ నాకుంటుంది, తప్పు టార్చీలు చేసినవాడి మీద పోతుంది. అలా ఎంతసేపు కూర్చున్నానో చెప్పను. సిగ్గు. కానీ కొత్త టార్చీలు వచ్చినా తుడిచేది నేనే కదా. ఇంకో పోగు ఇంకొకడి నెత్తి మీద ఓడ ఉన్నప్పుడే పని చేస్తుంది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాను.

తమ్ముడు లోపలికి వచ్చాడు. "ఏటప్పా, అలాగున్నావు?"

చూపించాను. చెప్పాను. వాడు ఆ పోగును వేలి మీదికి తీసుకుని వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"మిగతావోళ్ళు దిగే ముందు ఇప్పి సూసుకుంతారప్పా. నానెప్పుడూ సూణ్ణేదు. నువ్విచ్చినావు కదాని."

అంతే అన్నాడు. పోగును బల్ల మీద పెట్టి, బయటికి వెళ్ళి, తాళ్ళు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

నేను ఏడవలేదు. పని మిగిలి ఉంది. ఐదు టార్చీల మూతలూ విప్పి మళ్ళీ కడిగాను, గుడ్డ తగలనివ్వకుండా గాలికి ఆరబెట్టాను, వాషర్లకు సిలికోను గ్రీజు వేలి కొసతో పల్చగా రాశాను. గుడి తొట్టిలో నీళ్ళు ఇంకా వదల్లేదు, పెద్దాయన మళ్ళీ దాని పక్కన కూర్చున్నాడు. ఈసారి కారింది ఒక్క ఎర్రదే, అదీ మీట దగ్గరి చిల్లులోంచి. మిగతా నాలుగింటినీ రాయి కట్టి రేవు అడుగుదాకా దించి గంటసేపు ఉంచాను. నాలుగూ వెలుగుతూనే పైకొచ్చాయి. చవకదల్లా చెత్త అని కూసిన నా నోరు కూడా మూతబడింది.

కొత్త కాగితం తీసుకుని యజమాని గదిలోకి వెళ్ళాను. నల్లది కొనండి, ఒక్కొక్క డైవరుకి రెండేసి ఇవ్వండి అని రాశాను. కింద ఇంకో మాట కూడా. ఆ రోజు తప్పు టార్చిది కాదు, డైవరుదీ కాదు, స్టోరుది.

ఆయన రెండుసార్లు చదివాడు. "అంటే తప్పు ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్నాను దాదా. ఇప్పుడు మీ తప్పు సంగతి. భయపడ్డాడన్నారు. మూత తిప్పాడన్నారు. తిప్పలేదు, నీళ్ళు పోనిచ్చింది ఇదిగో, ఈ పోగు. వెలుగు లేకుండా ఓడ కింద నుంచి ప్రాణాలతో వచ్చినవాణ్ణి అందరి ముందూ పిరికివాడన్నారు. ఆ మాట అందరి ముందే వెనక్కి తీసుకోండి."

"నిన్నే పనిలోంచి తీసేస్తే?"

"తీసేయండి. అది మీ చేతిలో పని. రేపు వాడు దిగాలి. దిగే దాకా నేనీ గుమ్మం వదలను."

ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. మాట వెనక్కి తీసుకోలేదు, ఈ రోజు దాకా తీసుకోలేదు. నేనూ మరిచిపోలేదు. కానీ మర్నాటి పని కాగితంలో తమ్ముడి పేరు రాశాడు. నన్ను తీసెయ్యలేదు. పదకొండేళ్ళ స్టోరు తాళాలు ఇంకొకరికి అప్పగించాలంటే ఆయనకీ బద్ధకమే.

మర్నాడు జెట్టీ మీద తమ్ముడు సిలిండరు తగిలించుకుని నిలబడ్డాడు. మిగతా ముగ్గురు డైవర్లూ అక్కడే ఉన్నారు. కొత్తవి వచ్చేదాకా అని నల్ల టార్చినీ, దానికి తోడు నీలందాన్నీ ఇచ్చాను. వాడు తీసుకుని, అలవాటుగా నడుముకి తగిలించుకోబోయాడు.

"విప్పు" అన్నాను.

"ఒద్దప్పా. నువ్వు సూసినావు కదా."

"నేను చూసిందాన్ని నమ్మకు. విప్పి చూడు."

వాడు నా వైపు చూశాడు. తర్వాత మూత విప్పి, వాషరును వేలితో చుట్టూ తడిమి, వెలుగుకి ఎత్తి పట్టి, నా ఎదురుగా, అందరి ఎదురుగా, ఒక్కొక్క టార్చినీ ఒక పరాయి స్టోరు నుంచి వచ్చినదాన్ని చూసినట్టు చూశాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. వాడు చూడడం అయ్యేదాకా అక్కడి నుంచి కదల్లేదు. బిగించి, వెలిగించి, నీళ్ళలోకి దిగాడు.