గోదాం వెనక తెల్ల ఇటుకలు

మాంచెస్టర్‌లో ఒకప్పటి బట్టల గోదాం ఇప్పుడు ఫ్లాట్లయింది. ఇక్కడే డాక్టరుగా చేస్తున్న మా అక్క, అందులో అద్దెకు దిగుదామని ఈ రోజు దాన్ని చూడటానికి నన్ను తీసుకెళ్లింది. వీధివైపు ఎర్ర ఇటుకల మీద రాజభవనానికి ఉండేంత నగిషీ చూసి నాకు ఒళ్లు మండింది.

"మన నేతగాళ్ల పొట్టకొట్టి కట్టిన కొంపక్కా! నేనుండను."

వెనక గదిలోకి వెళ్లాం. కిటికీ బయట ఇరుకు సందు, ఎదురు గోడంతా మెరిసే తెల్ల ఇటుకలు. వాటి మీద పడిన వెలుతురే గదంతా నిండింది. కొనేవాళ్లకు బట్ట రంగు సరిగా కనబడాలని అప్పట్లో అలా కట్టారట.

"ఒరేయ్ కామ్రేడూ, ఈ గది నీకే. ఉంటావా, పోదామా?" అంది అక్క.

ఉంటానన్నాను. కట్టించింది వ్యాపారే అయినా, ఆ ఇటుకలు పేర్చింది కూలీలే కదా. వాళ్ల తరఫున ఆ వెలుతురు నేను అనుభవిస్తే తప్పంటారా?