సర్వర్ లేచేసరికి

సైన్యంలో సిగ్నల్స్ విభాగం నుంచి రిటైరయ్యాక, వానాకాలం మొదట్లో నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కాను. కంప్యూటర్లు కాపాడటం నా పని. మెట్ల కింద ఇరుకు గది. ఒక సర్వర్. దానిలోని సమాచారానికి రోజూ నకలు దాచే రెండో మిషన్. ఒక టేబుల్ ఫ్యాను. రోగుల కాగితాలు అప్పటికే ఎత్తేశారు. అన్నీ సర్వర్‌లోనే.

మొదటి రోజే ఆర్డర్లు గోడకు అంటించాను. సర్వర్‌కు ఇంటర్‌నెట్ వైరు తగలకూడదు. నకలు తీయకుండా పొద్దు గడవకూడదు.

మేనేజరు నవ్వాడు. "గిది బార్డర్ కాదు హవల్దార్ సాబ్, దవాఖాన."

దీపావళికి సెలవు మీద బోధన్‌లో మా ఇంటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నకలు మిషన్ మేనేజరు ఇంటికి పోయింది, కొడుకు చదువుకట. సర్వర్‌కు ఇంటర్‌నెట్ వైరు గుచ్చి ఉంది, షేర్ల రేట్లు చూడటానికట. పీకేశాను. వైరస్ అప్పటికే లోపల ఉంది. తెర మీద ఒక్క రోగి పేరూ లేదు.

ఆ ఉదయమే చెరకు కొట్టే కూలీ ఒకతను భార్యను ఆటోలో తెచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి అందడం లేదు.

"పోయినసారి ఒక సూది పడలే సారూ. పానం మీదికొచ్చింది. పేరు నాకెర్కలే. మీ కంప్యూటర్ల రాసుకున్నరు గదా, జర సూడుండ్రి," అని డ్యూటీ డాక్టరును బతిమాలాడు.

నా గదిలో ఇంటర్‌కమ్ మోగింది. డాక్టరే.

"సర్వర్ ఎప్పుడు లేస్తది?"

"సాయంత్రమైతది. సూది ఆపుండ్రి."

"నేను ఆగుత, అన్నా. ఈమె ఆగది."

మందు కొద్దిగా ఎక్కించి చూశాడు. ఆ కొద్దికే ఆమె గొంతు వాచి మూసుకుపోయింది. మళ్లీ తెరుచుకోలేదు.

నేను చెడిన డిస్కులోంచి ఫైళ్లు ఏరుతూనే ఉన్నాను. సాయంత్రానికి సర్వర్ లేచింది. ఆమె పేరు వెతికాను. దొరికింది. కింద ఎర్రక్షరాల్లో అదే సూది: ఇవ్వరాదు.

మేనేజరు నా భుజం మీదుగా చదివాడు. "తీసెయ్. వాళ్లు మనకు చెప్పనే లేదు."

"నేను తియ్య."

"అయితే రేపటి సంది రాకు." కీబోర్డు లాక్కుని తనే తీసేశాడు.

గేటు దగ్గర ఆటోలో శవాన్ని పెడుతున్నారు. ఆమె భర్త నన్ను చూసి ఆగాడు.

"మిషన్ బాగైందా సారూ?"

"అయింది."

"ఆ సూది పేరేంది? మా బిడ్డకు గూడ పడదో ఏమో."

చెప్పాను. అతనికి నోరు తిరగలేదు. మళ్లీ చెప్పించుకున్నాడు. మళ్లీ.

మర్నాడు నా పెట్టె పట్టుకుని బోధన్ బస్సెక్కాను. సరిహద్దులో చాలా చూశాను, అవన్నీ మసకబారాయి. ఇదొక్కటే పోదు: ఆటో కదులుతోంది, భార్య తల అతని ఒడిలో ఉంది, అతను ఏడవటం లేదు. మరిచిపోకుండా ఆ పేరు వల్లె వేసుకుంటున్నాడు.