ముసలిదాని ముక్కుకాలు

కృష్ణ కరకట్ట దిగువన ఉన్న చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో ఎలీషా ఇరవై రెండేళ్లుగా మెకానిక్కు. అంతకుముందు చల్లపల్లిలో ట్రాక్టర్లు బాగుచేసేవాడు. పరీక్షలు రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఇక్కడికొచ్చి పాతుకుపోయాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా విమానం ఎక్కి ఎగరలేదు. ఎందుకండీ అంటే, "దాన్లో ఏవేం ఉన్నాయో నాకు తెలుసు కాబట్టి" అంటాడు.

క్లబ్బుకున్నది ఒకటే విమానం. నాలుగు సీట్లు, యాభై రెండేళ్ల వయసు. రెక్కల కింద రెండు గట్టి చక్రాలు, ముక్కు కింద సన్నటి కాలికి ఇంకో చక్రం. ఎలీషా దాన్ని ముసలిది అంటాడు. ఇంకెవరైనా అంటే మాత్రం ఊరుకోడు. భార్య శౌరమ్మ ఈ విషయంలో అతని మీద ఎప్పుడో ఆశ వదిలేసుకుంది.

ముసలిదానికి అన్నీ బాగానే ఉన్నాయి, ఆ ముక్కుకాలే అర్భకం. దిగేటప్పుడు ముక్కు పైకెత్తి పట్టుకుని, మొదట రెక్కల కింది చక్రాలు నేలకు తాకించాలి. వేగం తగ్గేకొద్దీ ముక్కు దానంతటదే దిగుతుంది. బడిపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి. బసవపున్నయ్యకు మాత్రం ఎక్కలేదు.

బసవపున్నయ్యది చల్లపల్లి దగ్గర పల్లె. రైసు మిల్లుంది. యాభై ఏడో ఏట విమానం నడపాలని పుట్టింది బుద్ధి. గాలిలో చక్కగానే నడుపుతాడు. నేల దగ్గరపడి ముక్కు లేవగానే చేతిలోని మీట ముందుకు తోసి ముక్కు దించేస్తాడు. ముక్కుచక్రం ధబీమని తగులుతుంది, విమానం కప్పలా రెండు గెంతులు గెంతుతుంది. పక్కన కూర్చుని నేర్పే రుచిత "వెనక్కి లాగండంకుల్, లాగండి!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.

అప్పటికే ఆ కాలు రెండుసార్లు వంగింది. రెండోసారి దాని వెనక, ఇంజనుకీ సీట్లకీ మధ్యనున్న రేకు గోడ కూడా ముడతలు పడింది. ఎలీషా ఎక్కడెక్కడో వెతికి తెచ్చిన ఆఖరి కాలు బిగించాడు. అది చూసి యజమానురాలు సుబ్బరత్నం తేల్చి చెప్పింది.

"ఇంకోసారి విరిగిందంటే నావల్ల కాదు ఎలీషా గారూ. మంగళగిరి రోడ్డులో దాబా వాళ్లు అడుగుతున్నారు, ఇచ్చేస్తాను. పిల్లలు అందులో కూర్చుని నూడుల్స్ తింటారంట."

ఎలీషాకు ఆ మధ్యాహ్నం ముద్ద దిగలేదు. ముసలిదాని రెక్కల మీద టమాటా సాసు కనపడుతోంది కళ్లకు. పోనీ బసవపున్నయ్యను మానిపిద్దామంటే, క్లబ్బు మొత్తానికి నేర్చుకునేది ఆయనొక్కడే. శౌరమ్మకు మొగుణ్ని చూసి జాలేసింది. కాలు నిలబడితే కాలంత కొవ్వొత్తి వెలిగిస్తానని గుణదల మేరీమాతకు మొక్కుకుంది.

మర్నాడు ఎలీషా రన్‌వే పక్కన నిలబడి విమానాన్ని కాక మనిషిని చూశాడు. ముక్కు లేవడంతోనే బసవపున్నయ్య ఒళ్లంతా ముందుకు వాలింది. ఆ వాలడం ఎలీషా ఎరుగును. దమ్ము చేసేటప్పుడు బురదలో వెనక చక్రాలు దిగబడి ట్రాక్టరు ముందు భాగం లేస్తే, మనిషి అలాగే వాలతాడు. వాలకపోతే ట్రాక్టరు వెనక్కి తిరగబడి మీద పడుతుంది. అలా పడ్డ ట్రాక్టర్లను ఎలీషా చాలానే చూశాడు. బసవపున్నయ్యది తెలివితక్కువతనం కాదు, ముప్పై ఏళ్లు ట్రాక్టరు తోలిన ప్రాణభయం. అది తెలిశాక ఎలీషాకు ఆయన మీద కోపం పోయింది.

విమానం ఆగాక దగ్గరికెళ్లాడు. కాలు తడిమి చూసుకున్నాడు. ఈసారికి బతికింది.

"బసవపున్నయ్య గారూ, ఇది తిరగబడదండీ. ట్రాక్టరు కాదిది."

"తెలుసండీ. చేతులకే తెలీట్లేదు."

"ట్రాక్టరుకి ముందు మీకు ఎడ్లబండి ఉండేదా?"

ఆయన ముఖం వికసించింది. "ఉండకేం! చిన్నప్పుడు నేనే తోలేవాణ్ని."

"ఎడ్లను విప్పేటప్పుడు కాడిని ఠపీమని వదిలేసేవారా?"

"ఎట్టా వదులుతామండీ? మెడలు ఏం కావాలి! రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని, ఎడ్లు తప్పుకున్నాక మెల్లిగా దింపేవాళ్లం."

"ఆ చక్రం ఎద్దు మెడండీ. మీ చేతిలో ఉంది కాడి."

బసవపున్నయ్య వంగి ముక్కుకాలు వంక చాలాసేపు చూశాడు. తర్వాత రుచితను పిలిచి మళ్లీ ఎక్కాడు.

ఈసారి రెక్కల కింది చక్రాలు తాకాయి. ముక్కు పైనే ఉంది. ఎలీషా చేతిలో నూనెగుడ్డ నలిగిపోతోంది. సగం రన్‌వే అయిపోయినా బసవపున్నయ్య కాడి దింపడే! ఇక దింపు నాయనా అనుకుంటుండగా చక్రం నేలకానింది. ఎప్పుడు ఆనిందో చప్పుడు కూడా వినపడలేదు.

దిగీ దిగగానే బసవపున్నయ్య నేరుగా ముక్కుకాలు దగ్గరకొచ్చి, కాడి విప్పిన ఎద్దు మెడ నిమిరినట్టు నిమిరాడు. "ఒరుసుకుపోలేదుగా?" అన్నాడు గాబరాగా. ఎలీషాకు కళ్లు చెమర్చాయి. పెట్రోలు ఘాటని రుచితకు చెప్పాడు. ఆ సంతోషంలోనే, శనివారం వెనక సీట్లో కూర్చోమని బసవపున్నయ్య అడిగితే సరేనన్నాడు. అన్నాక భయమేసింది.

శుక్రవారం గుణదల కొండ కింద దానమ్మ కొవ్వొత్తుల కొట్లో, శౌరమ్మతో వచ్చిన ఎలీషా విమానం ముక్కుకాలు పొడవు కొలిచి తెచ్చిన తాడు తీశాడు. బిడ్డల ఎత్తు కొవ్వొత్తులు అమ్మి అలవాటైన దానమ్మ తాడు చూసింది.

"పాపకి ఎన్నేళ్లండీ?"

"యాభై రెండు."

దానమ్మ చెయ్యి తాడు మీదే ఆగిపోయింది. "అయ్యో తల్లీ! నడుస్తుందాండీ?"

"నడక కష్టమేనమ్మా. ఎగరటం మాత్రం బ్రహ్మాండంగా ఎగురుద్ది."

శౌరమ్మ అతని చొక్కా పట్టి లాగింది. దానమ్మ ఎలీషాను ఎగాదిగా చూసి, పెద్ద కొవ్వొత్తితో పాటు చిన్నదొకటి చేతిలో పెట్టి, "ఇది మీకండీ, ఊరికే తీసుకోండి" అంది.

ఎలీషా కాదనలేదు. రేపు శనివారం. ముందు ఆ చిన్నదే వెలిగించాడు.