ఉగ్గాని రంగు లైటు

నిన్న సాయంత్రం ఎమ్మిగనూరు బస్టాండ్‌లో ఆటో కోసం నిలబడి ఉంటే ఫోన్ వచ్చింది. మాబాషన్న కూతురు షమీమ్.

"మా అబ్బా సచ్చిపోయినాడక్కా."

ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పింది. గుండెపోటు. మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

రెండు మూడు ఆటోలు వెళ్ళిపోయాయి.

మీలో చాలామందికి మాబాషన్న తెలియదు. ఆదోనిలో పాత ఆంప్లిఫయర్లు, టేప్ డెక్కులు రిపేర్ చేసేవాడు. అంతకుముందు సొంత మైక్‌సెట్ ఉండేది. ఏళ్ళ తరబడి లౌడ్‌స్పీకర్ల పక్కన పనిచేసి గొంతు ఒకే వాల్యూమ్‌లో ఫిక్స్ అయిపోయింది. టీ చెప్పినా అరుపే. ప్రేమగా పలకరించినా అరుపే.

మా ఇంట్లో ఉన్న సెకండ్‌హ్యాండ్ డెక్ మా నాన్నకు ఆయన అమ్మిందే. ముందు అద్దం, లోపల రెండు మీటరు ముళ్ళు. మాట వస్తే ముళ్ళు లేస్తాయి. గట్టిగా మాట్లాడితే ఎర్ర గీత దాటుతాయి. వాటి వెనక చిన్న బల్బులు, పసుపు వెలుగు.

నాన్న మగ్గం నేసేవాడు. ఆటోకి మైక్ కట్టి దుప్పట్ల పబ్లిసిటీ కూడా ఆయనే చేసేవాడు. ఆ క్యాసెట్ ఇంకా ఉంది. "రండమ్మా రండి! ఎమ్మిగనూరు దుప్పట్లు, ఉతికే కొద్దీ మెత్తన!"

నాన్న పోయాక మాకు మిగిలిన ఆయన గొంతు అదొక్కటే.

అమ్మకు ఇప్పుడు అస్సలు వినపడదు. అయినా రోజూ ఆ క్యాసెట్ పెట్టుకుని ముళ్ళను చూస్తూ కూర్చుంటుంది. ఏ మాట దగ్గర ముల్లు ఎంత లేస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. "రండమ్మా" దగ్గర ఎర్ర గీత దాటగానే తనూ పెదవులు కదుపుతుంది.

ఒకరోజు ఆ బల్బులు పోయాయి. లోపల ముళ్ళు ఆడుతున్నాయి కానీ కనబడవు.

"మీ నాయన మాట్లాడేది ఆపేసినాడు" అంది అమ్మ. ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

డెక్ ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఆదోని వెళ్ళాను. ఆ బల్బులు ఇప్పుడు యాడా దొరకవన్నాడు మాబాషన్న. "ఎల్‌ఈడీ ఏస్తా పాపా. మల్ల మార్సే పనే ల్యా."

వేశాడు. నీలం రంగు. వయసు పిల్లలంతా అదే అడుగుతున్నారట. తెగ మురిసిపోయాడు. నేనూ సూపర్ అన్నాను.

అమ్మ ఒక్క చూపు చూసి డెక్ మీద గుడ్డ కప్పేసింది.

"ఈ ఎలుగులో మీ నాయన లేడు."

ఫోన్ చేసి చెప్తే మాబాషన్నకు ఒళ్ళు మండింది. "నా పనికి వంకలు పెట్టేటోల్లు ఆదోనిలోనే లేరు, ఎమ్మిగనూరులో పుట్టినారా!" అని అరిచి పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో ఉన్నాడు, చేతిలో సోల్డరింగ్ డబ్బాతో.

"ఎట్లుండెనమ్మా ఆ రంగు?" అని అమ్మ చెవి దగ్గర అరిచాడు.

"అరవద్దప్పా, నాకెట్లాగూ ఇనపడదు."

నేను సైగ చేసి చెప్పాను. అమ్మ లోపలికి పోయి ప్లేట్ నిండా ఉగ్గాని తెచ్చి ఆయన ముందు పెట్టింది. అప్పుడే చేసింది. నానబెట్టి తాలింపు వేసిన బొరుగులకు పసుపు బాగా పట్టింది.

"తినేకి కాదు, సూసేకి. ఈ రంగు."

మాబాషన్న ప్లేట్‌ని డెక్ పక్కనే పెట్టుకున్నాడు. నీలం ఎల్‌ఈడీలు పీకేసి వామ్ వైట్ వేశాడు. ఇంకా తెల్లగానే ఉంది. వెలుగు ఒక్కచోటే గుచ్చుకోకుండా ఎల్‌ఈడీ నెత్తిని గరుకు కాగితంతో రుద్దాడు. అదీ చాలక, పెళ్ళి లైట్లకు కట్టే పసుపు జిలెటిన్ పేపర్ ముక్క కత్తిరించి అడ్డం పెట్టాడు. ప్రతిసారీ ప్లేట్ వంక చూడ్డం, మీటర్ వంక చూడ్డం, మధ్యలో ఒక పిడికెడు నోట్లో వేసుకోవడం. చివరికి పోల్చుకోవడానికి ప్లేట్లో మిరపకాయలే మిగిలాయి. అమ్మ నవ్వుతూ మళ్ళీ వడ్డించింది.

క్యాసెట్ వేశాడు.

"రండమ్మా" దగ్గర ముల్లు లేచింది. అమ్మ పెదవులు కదిలాయి.

మాబాషన్న నోరు మూసుకుని కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అప్పట్నుంచి మా డెక్ పేరు ఉగ్గాని సెట్. షాపుకొచ్చిన ప్రతివాడి దగ్గరా డప్పు కొట్టుకునేవాడు. "ఆ రంగు ఇండియాలో ఎవడూ ఏయలేడు!"

నిజమే మాబాషన్నా. ఎవరూ వేయలేరు.

ఈ పొద్దున అమ్మకు విషయం చెప్పాను. డెక్ ముందుకు వెళ్ళి కూర్చుంది. తర్వాత అడిగింది.

"మాబాషా గొంతు ఉందా నీ ఫోన్లో? పెట్టు, సూస్తా."

పోయిన వారం పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. ఫోన్‌కి వైరు తగిలించి, డెక్‌లో ఖాళీ క్యాసెట్ వేసి, రికార్డ్ నొక్కాను.

"ఏం పాపా, లైట్లు ఎలుగుతాండాయా? అమ్మను ఉగ్గాని సేయమని సెప్పు, వస్తాండా!"

రెండు ముళ్ళూ ఎర్ర గీత దాటి, ఆ చివర తగులుకుని అక్కడే ఆగిపోయాయి.

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. "సూడు, ఎట్ల అరుస్తాండాడో."

ఏమంటున్నాడని అడిగింది. చెప్పాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని, లేచి, బొరుగులు నీళ్ళలో వేసింది. ఇవాళ వాళ్ళింట్లో పొయ్యి వెలిగించరు కదా. మధ్యాహ్నం బస్సుకి ఆదోని వెళ్తున్నాం, షమీమ్ వాళ్ళకు ఉగ్గాని తీసుకుని.

నాన్న క్యాసెట్ పక్కన ఇప్పుడు నీది కూడా ఉంది అన్నా. మా అమ్మకు నాన్నను మళ్ళీ చూపించావు. ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

ఇంక అరిచే పని లేదు, నెమ్మదిగా పడుకో. మాకు కనబడుతున్నావు.