గింజల జేబు

పావురాల టైలరు అందరి చొక్కాలకీ ఒక్క జేబే కుడతాడు. తన చొక్కాకి మాత్రం రెండు. రెండోది గింజలకి. సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి, ఇంట్లో అడుగైనా పెట్టకుండా, మెడలో టేపుతోనే డాబా ఎక్కుతాడు. నాలుకతో టక్కుమనిపిస్తే చాలు, పావురాలొచ్చి భుజాల మీద వాలతాయి. వాటితో మాట్లాడినంత ముద్దుగా మనుషులతో మాట్లాడడు. గూళ్లు ఊడ్చే పని మాత్రం నడుంనొప్పి వంక పెట్టి భార్యకి వదిలేశాడు. ఆమెకి ఏడో నెల వచ్చినా ఆ పని తప్పలేదు. రెట్టల దుమ్ములో ఆమె దగ్గుతుంటే, "కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం మామూలేనే, ఆ మూల కూడా కానిచ్చెయ్" అనేవాడు.

ఇప్పుడామె ఆసుపత్రి మంచం మీద, ఆక్సిజన్ మాస్కుతో ఉంది.

"ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరిందండీ. బిడ్డకీ ప్రమాదమే. ఇంట్లో పావురాలేమైనా ఉన్నాయా?" అని డాక్టరమ్మ అతన్ని అడిగింది.

"లేవండి" అన్నాడు, గింజల జేబుని అరచేత్తో కప్పుకుంటూ.

మంచం మీదున్న భార్య తన మాస్కు కాస్త పక్కకి లాగింది.

"ఉన్నాయి డాక్టరుగారూ. అవి నావి. ఆయనకి తెలీదు."

ఆ నాలుగు మాటలకే రొప్పుతూ మళ్లీ మాస్కు సర్దుకుంది. అతను జేబు మీంచి చెయ్యి తీయలేకపోయాడు, ఆమె వైపు చూడనూ లేకపోయాడు.