నేను చూడని ఆఖరి రీలు

పాత నేరకథా సినిమాలు పోగేసే పిచ్చి నాది. పేరున్నవి కావు. వారం తిరక్కుండానే డబ్బాల్లోకి వెళ్లిపోయి, తీసినవాళ్లే మరిచిపోయినవి. వాటిలో పెద్ద కళ ఉందని వాదించను. హంతకుడెవరో నాకొక్కడికే తెలుసన్న గర్వం ఉంటుంది చూడండి, దానికోసమే ఇదంతా.

ఒక నలుపు తెలుపు సినిమా మాత్రం నన్ను ఏళ్ల తరబడి సతాయించింది. మాలాంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో తిరిగే కాపీకి ఆఖరి రీలు లేదు. జమీందారును ఎవరు చంపారో తేలకుండానే ఆగిపోతుంది. ఒకప్పుడు తాండూరులో ఆ సినిమా వేసిన ఆపరేటర్ ఇంకా ఉన్నాడని తెలిసి, వికారాబాద్‌లో పొద్దున్నే రైలెక్కాను.

పెద్దాయన నన్ను నాపరాళ్ల అరుగు మీద కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ముగింపు చెప్పాడు. చెప్పడమేమిటి, లేచి ఆడి చూపించాడు. హంతకుడు ఆ ఇంటి డాక్టరట. చేతికర్రలో కత్తి దాచాడట.

తిరుగు రైల్లోనే గ్రూపులో రాశాను, ఆఖరి రీలు నా కళ్లతో చూశానని. ఆపరేటర్ చెప్పాడని రాస్తే నాకేం పోయేది? విన్నవాడికన్నా చూసినవాడికి విలువెక్కువ, అంతే. అందరూ నన్ను ఆకాశానికెత్తారు. ఒకాయన తన వ్యాసంలో కూడా పెట్టాడు.

నెలలోపే పెద్దాయన ఫోన్ చేసి ఒకసారి రమ్మన్నాడు. నేను రాసింది ఆయన దాకా వెళ్లిందేమోనని బెదురుతూనే వెళ్లాను. ఆయనే తలెత్తలేదు.

"తప్పైంది సార్. ఆ ఆఖరి రీలు నేను సుత చూడలే. మా టాకీసుకు అది రానే రాలే. నువ్వు గంత ఆశతోని వచ్చినవ్, ఉత్త చేతులతోని పంపబుద్ధి కాలే. గందుకే నేనే అల్లి చెప్పిన. అప్పటిసంది నిద్ర పడ్తలేదు."

ఆయన జాలిపడి ఒక్కడికి చెప్పిన అబద్ధాన్ని నేను గొప్ప కోసం అందరికీ చెప్పాను. నిద్ర మాత్రం నాకు బాగానే పట్టింది.

"ఎవరికన్న చెప్పినవా సార్?" అని భయంగా అడిగాడు.

లేదన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, నాది పెద్ద మనసన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నిజం బయటికి రాలేదు.

గ్రూపులో ఆ హంతకుడు ఇప్పటికీ డాక్టరే.