మోచెయ్యి ఆనిన చోటు

ఇచ్చోడ దాటి కొంతదూరం పోయాక బోథ్ బస్సు మూతి నుంచి ఆవిరి లేచింది. డ్రైవర్ ఇబ్రాహీం దిగి, మూత మీద తడిగుడ్డ కప్పి, ఇంజను చల్లబడేదాకా బోథ్ మాట ఎత్తొద్దని అందరికీ చెప్పి బీడీ ముట్టించాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లయినా ఆ దారిలో బస్సులు నిజాం నాడు నడిచినట్టే నడుస్తున్నాయి. నాకు తొందర లేదు. తొందర ఉన్నవాడు ఊళ్లు పట్టుకుని తిరగడు. గొంగడీ పుస్తకాల సంచీ తీసుకుని దిగి, జొన్న కోసిన చేను గట్టు మీద కూర్చున్నాను.

కొమురవ్వను నేను చూసింది అక్కడే.

తంబురను బస్సు మీద మూటల్లో వేయనివ్వక, దారంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి ఆమే. ఇప్పుడు దాన్ని భుజానికి తగిలించుకుని చేలో నిలబడింది. మెల్లగా రెండు చేతులూ వదిలింది. బుర్ర నడుము దగ్గరే ఉంది గానీ, పైనున్న దండి నిద్రమత్తు కమ్మినవాడి తలలా ముందుకు ఒరుగుతూ ఒరుగుతూ నేల చూపులు చూసింది. ఆమె లేపి నిలబెట్టింది. మళ్లీ వదిలింది. మళ్లీ అదే.

గట్టు మీద గుమ్మెట పక్కన పెట్టుకుని వక్క నములుతున్న పెద్దావిడ అంది: "శారదమ్మకు ఇష్టం లేదే పోరీ. ఎట్ల తలకాయ దించుకుంటుందో సూడు."

"నువ్వు నోరు మూసుకో అక్క" అంది కొమురవ్వ, కోపం లేకుండానే.

ఇద్దరూ ఒకే మగని భార్యలు. పెద్దావిడ పోశవ్వ. మగడు అంతయ్య పోయిన చలికాలంలో జ్వరంతో పోయాడట. వాళ్లు శారదకాండ్లు. తంబురకే శారద అని పేరు, అదే వాళ్ల దేవత. పసుపు కుంకుమ పెట్టకుండా చేత పట్టరు. మగవాడు తంబుర వేసుకుని, ఎడమచేతి వేళ్లకు ఇత్తడి అందెలు తొడుక్కుని, అడుగు వేస్తూ కథ చెపుతాడు. ఆడవాళ్లు చెరో పక్క నిలబడి గుమ్మెట కొడుతూ వంత పాడతారు. ఏ ఊళ్లో ఎవరు కథ చెప్పాలో తాతల నాడే పంచుకున్నారు. దాన్ని మిరాసి అంటారు.

కొమురవ్వది మంథని దిక్కు. తండ్రి కథ చెపుతుంటే తల్లి కొంగు పట్టుకుని వంత నేర్చుకుంది. పెళ్లి చేసి అంతయ్య చేతిలో పెట్టేనాటికి పెద్ద పెద్ద కథలు మొదలు నుంచి చివరిదాకా నోటికొచ్చు, కానీ ఆడపిల్ల గనుక ఆ సంగతి ఎవరూ అడగలేదు. రజాకార్ల కాలంలో దారులు మూతబడితే తంబురను జొన్నచొప్పలో దాచి, కూలికి పోయారు. పోలీసు చర్య తరువాత బయటికి తీస్తే అంతయ్యకు కథల్లో సగం మరుపొచ్చింది. నడి కథలో అతను ఆగితే, వెనక నుంచి వంతలాగా కలిపి తరువాతి మాట అందించింది ఈమే. వినేవాళ్లకు అది తెలియదు. అంతయ్యకు తెలుసు. అందుకే పోయేముందు తంబుర ఈమె చేతిలో పెట్టాడు.

మరిది మొండయ్య ఒప్పుకోలేదు. ఆడదాని భుజం మీద శారద నిలవదన్నాడు. నిలవలేదు కూడా. ఈమె కథ ఎత్తుకున్న మొదటి ఊళ్లోనే దండి ముందుకు వాలింది. ఎడమచేత్తో దండి పట్టుకుంటే అందెలు పలకవు, అందెలు ఆడిస్తే దండి పడిపోతుంది. నవ్వినవాళ్లు నవ్వారు, దండం పెట్టి భయపడ్డవాళ్లు భయపడ్డారు. కులపెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు: బోథ్ దగ్గర వాళ్ల మిరాసి ఊళ్లో, ఇవాళ పొద్దుగూకే వేళకు కొమురవ్వ కథ చెప్పాలి. శారద తలెత్తి నిలిస్తే ఊళ్లన్నీ ఆమెవి. తల దించితే మొండయ్యవి. అతను తన తంబుర తీసుకుని ముందే పోయి కూర్చున్నాడు.

వస్తువు దానికదే వాలితే దేవత కోపమనడం ఈ దేశంలో కొత్త కాదు. గోడ ఒరిగినా, రథం పక్కకు లాగినా మనం మొదట అడిగేది పూజ సరిగా జరిగిందా అనే. నేను పుస్తకాలు చదివినవాణ్ణి గనుక పూజ సంగతి అడగకుండా నేరుగా చిలుక మీద పడ్డాను. దండి చివర, బిరడాల పైన, టేకుతో చెక్కిన చిలుక ఉంది, పిడికెడు లావున. పై బరువే కిందికి లాగుతున్నదని చెప్పాను.

కొమురవ్వ చిలుకను వేలితో ఎత్తి చూసుకుంది. పోలీసు చర్య తరువాత మొదటి పంటకు వచ్చిన జొన్నలు ఇచ్చి అంతయ్య నిర్మల్‌లో చెక్కించాడట దాన్ని. ఆమె ఇబ్రాహీం దగ్గరికి పోయి రంపం అడిగింది.

"గిది ఇనుము కోసేది అవ్వ" అన్నాడు ఇబ్రాహీం. "దేవత మీద ఎయ్యమంటవా? ఇస్త గని, నేను అటు తిరిగి కూసుంట."

ఆమె నా గొంగడి పరచమని, తంబుర పడుకోబెట్టి, రంపం చిలుక మెడ మీద ఆనించింది. ఒక లాగు లాగింది. టేకు పొడి కొంచెం రాలింది.

పోశవ్వ వక్క ఉమ్మేసింది. "ఆగవే."

కొమురవ్వ ఆగింది గానీ రంపం తీయలేదు.

"చిలుక ఏం జేసింది నిన్ను? ఆయన కుడి మోచెయ్యి ఎన్నడన్న సూసినవా?"

"నేను ఎడమ దిక్కు ఉంటి గద అక్క. నాకు అందెలే కనవడుతుండె."

"నేను కుడి దిక్కు ఉంటి. కథ ఎత్తుకున్నకాడికెల్లి మంగళం పాడేదాక ఆ మోచెయ్యి బుర్ర మీదికెల్లి లేవలే. అదిమిపట్టి నిలబెట్టేటోడు. ఇంటికొచ్చినంక ఆ చేతికి నూనె రాసి పిసికింది నేను. శారద ఏనాడు తనంత తాను నిలవలే."

కొమురవ్వ తంబురను వెల్లకిలా తిప్పింది. బుర్ర అంచున తమలపాకంత మేర లక్క రంగు పోయి కొయ్య తేలి ఉంది. పసుపు రాసి రాసి అట్లా అయిందనుకున్నానని ఆమె గొణిగింది. లేచి తంబుర వేసుకుని తన మోచెయ్యి ఆ చోట పెట్టబోయింది. అంతయ్య చెయ్యి పొడుగైన మనిషట. ఈమె మోచెయ్యి అక్కడికి అందలేదు.

"మరి గిన్నొద్దులు చెప్పకపోతివి."

"నువ్వు అడగకపోతివి." పోశవ్వ గుమ్మెట తోలు మీద వేళ్లతో రాస్తూ అంది: "దండి తెచ్చి నీ చేతుల వెట్టిండు. వెట్టనియ్యి, నీకు కథలొచ్చు. నా దిక్కు తిరిగి ఒక్క మాటన్న అనకపాయె. ఇది ఒరిగినప్పుడల్ల నాకు కడుపుల చల్లగుంటుండె. గని చిలుకను కోస్తుంటె సూడలేకపోతి."

కొమురవ్వ గొంగడి మీదున్న రంపం తీసి గట్టు మీద పెట్టింది.

అప్పుడు నాకు మంథని రేవు గుర్తొచ్చింది. కావడిలో గోదావరి నీళ్లు మోసేవాడు, ఒక కుండ వెలితిగా ఉంటే నీళ్లు కలపడు, పారబోయడు. బద్దను భుజం మీద కాస్త జరుపుకుంటాడు, అంతే. తంబురకు కట్టిన పట్టీ ఒక కొస బుర్ర అడుగున, రెండో కొస దండి మొదట్లో ఉంది. దండి బరువంతా ఆ రెండో ముడికి అవతల, గాలిలో ఉంది. నేను ఆ మాట చెప్పీ చెప్పకముందే కొమురవ్వ ముడి విప్పింది. పైకి జరిపి, బిరడాలకు కాస్త కిందుగా కట్టింది. పోశవ్వ దండి పట్టుకుని ముడి బిగించింది.

వదిలితే ఈసారి అంత వేగంగా వాలలేదు. వాలింది మాత్రం వాలింది. భుజం మీద పట్టీ జారిపోతున్నది. అది పట్టు కండువా. ఎవరో పటేలు కథ విని అంతయ్య మెడలో వేసినది. మోచెయ్యి ఉన్నంతకాలం అది జారినా తెలియలేదు.

"కండువ తియ్యాలె అక్క" అంది కొమురవ్వ. ఈసారి అడిగి ఆగింది.

పోశవ్వ ముడులు తానే విప్పి, కండువా మడిచి, తన నడుముకు చుట్టుకుంది. ఇద్దరూ ఒకేసారి నా గొంగడి వైపు చూశారు. గొర్రెబొచ్చు గొంగడి, గరుకు సరుకు. వేసుకున్న చోటు వదలదు. దేవత కార్యాల్లోనూ పరుస్తారు, మైల లేదు. కొమురవ్వ అంచు ఇమ్మని అడిగింది నిజమే గానీ, నేను తలూపే లోపలే ఆ ఇనుప రంపంతో పొడుగునా కోసేసింది. మిగిలిన గొంగడి ఇప్పటికీ నా కాళ్లు కప్పదు.

అంచును రెండు మడతలు వేసి కట్టారు. కొమురవ్వ తంబుర వేసుకుని, కళ్లు మూసుకుని, రెండు చేతులూ వదిలింది. గొంగడి పట్టీ ఆమె భుజం మీద కూర్చుంది. దండి కొద్దిగా ఊగింది. తరువాత, మెడకు గంటు పడ్డ చిలుకతో సహా, నిలిచిపోయింది.

ఆమె కళ్లు తెరిచి అటు చూడలేదు. ముందు ఎడమచేతి వేళ్లకు అందెలు తొడుక్కుంది. ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. అందెలు మోగాయి. పోశవ్వ గుమ్మెట ఎత్తుకుని వెనకాల నిలబడింది. ఎడమ పక్కకు రావాలా, కుడి పక్కకు రావాలా అని తడబడింది.

"నువ్వు కుడి దిక్కే ఉండు అక్క" అంది కొమురవ్వ. "నాకు కనవడనిది నువ్వు సూస్తవు."

బస్సు ఇంకా చల్లబడలేదు. కథ చెప్పాల్సిన ఊరు అక్కడికి దగ్గరే, చేలకు అడ్డంగా పడితే పొద్దుండగానే చేరవచ్చని ఇబ్రాహీం చెప్పాడు. రంపం తీసుకుని డబ్బాలో వేసుకున్నాడు. బోథ్‌లో నాకు తెలిసినవాళ్లు ఉన్నారని, కథ వినడానికి నేనూ వస్తానని ఏదో చెప్పబోతూ నా సంచి వెతుక్కుంటున్నాను. తలెత్తేసరికి వాళ్లిద్దరూ జొన్న మోళ్ల మధ్య నుంచి పోతున్నారు. పోశవ్వ ఏదో సణుగుతోంది. కొమురవ్వ వెనక్కి తిరగలేదు. చెయ్యి ఊపడానికి ఆమెకు ఖాళీ చెయ్యి లేదు. కుడిచేయి తీగె మీద ఉంది, ఎడమచేతిలో అందెలు మోగుతున్నాయి, చిలుక ఆమె తల కన్నా ఎత్తుగా ముందు నడుస్తోంది.